అల్-బాబ్ లెక్క: ట్యాంకుల యుద్ధాన్ని ప్రత్యేక దళాల జనరల్ చేతిలో పెట్టడం తప్పా?

కందకం:
సూటిగా విషయానికొస్తా. 2016 ఆగస్టు 24 తెల్లవారుజామున టర్కీ సైన్యం ఉత్తర సిరియాలో దిగింది. ఆ ఆపరేషన్‌కి ‘యూఫ్రటీస్ డాలు’ అని పేరు పెట్టుకున్నారు. నడిపించింది జెకాయ్ అక్సకల్లి. అప్పటికి ఆయన ప్రత్యేక దళాల కమాండర్, హోదా లెఫ్టినెంట్ జనరల్. మొదటి రోజే ఐసిస్ చేతిలోంచి సరిహద్దు పట్టణం జరాబ్లుస్ లాక్కున్నారు. సెప్టెంబర్ 4 కల్లా టర్కీ సరిహద్దు మీద ఐసిస్‌కి కాలు పెట్టే చోటు మిగల్లేదు. అక్టోబర్ 16న దాబిక్ పడింది. నవంబర్ మధ్యకి అల్-బాబ్ పట్టణం 2 కి.మీ. దూరంలో కనిపిస్తోంది.

ఆ 2 కి.మీ. దాటి ఊరు చేతికి రావడానికి ఫిబ్రవరి 23 దాకా పట్టింది. మూడు నెలల పైచిలుకు. ఆపరేషన్ మొత్తంలో పోయిన సుమారు 70 మంది టర్కీ సైనికుల్లో ఎక్కువమంది అక్కడే పోయారు. డిసెంబర్ 21న ఒక్క రోజులో 14 మంది చనిపోయారని సైన్యమే ప్రకటించింది. జర్మనీ నుంచి తెచ్చుకున్న లెపర్డ్ ట్యాంకులు టరెట్లు (గన్ను ఉండే పై భాగం) ఊడిపోయి పడున్న ఫోటోలు ప్రపంచమంతా చూసింది.

నా వాదన ఇది. అక్సకల్లి నేర్చిన విద్య వేరే. చిన్న టీములు, రాత్రి పని, స్థానికుల్ని కూడగట్టి వాళ్ల చేత కొట్టించడం. జరాబ్లుస్‌కి అది అతికినట్టు సరిపోయింది. అల్-బాబ్‌కి కావాల్సింది ముట్టడి. పదాతి, ట్యాంకులు, ఇంజనీర్లు, ఫిరంగులు, విమానాలు ఒకే గడియారం మీద నడవాలి. ఆ గడియారం తిప్పడం ఆర్మర్డ్ బ్రిగేడ్ నడిపినవాళ్లకి వస్తుంది. నియామకమే తప్పు అంటాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

బెరెట్ బాబాయ్:
కందకం గారూ, తేదీలన్నీ ఇచ్చి అసలు తేదీ వదిలేశారు: జూలై 15. సైన్యంలో ఒక వర్గం ప్రభుత్వాన్ని కూలదోయబోయిన కుట్ర రాత్రికీ జరాబ్లుస్‌లో దిగిన ఉదయానికీ మధ్య 40 రోజులు. ఆ 40 రోజుల్లో టర్కీ సైన్యం ఎలా ఉందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. జూలై 27న ఒకే ఉత్తర్వుతో 149 మంది జనరళ్లనీ అడ్మిరళ్లనీ తీసేశారు. సిరియా సరిహద్దు చూసే రెండో ఆర్మీ కమాండర్ ఆదెమ్ హుదుతి జైల్లో ఉన్నాడు. ఇంజిర్లిక్ వైమానిక స్థావరం కమాండర్ అరెస్టయ్యాడు. మీరు చెప్పే ‘ఆర్మర్డ్ బ్రిగేడ్ నడిపినవాళ్లు’ ఎవరు మిగిలారు? మిగిలినవాళ్లలో ఎవర్ని నమ్మాలి?

అక్సకల్లి సంగతి వేరు. ఆ రాత్రి ఆయన్ని ఎత్తుకుపోవడానికి మనుషులు వచ్చారు, తప్పించుకున్నాడు. అంకారా దగ్గర గోల్‌బాషిలోని తన హెడ్‌క్వార్టర్స్‌కి వెళ్లే దారి లేదు. సిలోపీలో ఉండే బ్రిగేడ్ కమాండర్ సెమిహ్ తెర్జి దియార్‌బకిర్ నుంచి విమానంలో మనుషుల్ని వేసుకుని ఆ హెడ్‌క్వార్టర్స్ ఆక్రమించడానికి బయల్దేరాడు. అక్సకల్లి చేతిలో ఉన్నది ఫోనొక్కటే. లోపల ఉన్న తన సార్జంట్ మేజర్ ఒమెర్ హాలిస్‌దెమిర్‌కి ఫోన్ చేసి, తెర్జి ద్రోహి, లోపలికి రానివ్వకుండా చంపెయ్ అని ఆజ్ఞ ఇచ్చాడు. రాత్రి 2 దాటాక గుమ్మం దగ్గరే తెర్జిని కాల్చాడు హాలిస్‌దెమిర్. వెంటనే వాళ్ల తూటాలకి తనూ పోయాడు. అక్కడితో ప్రత్యేక దళాలు కుట్రదారుల చేతికి పోకుండా ఆగాయి.

ఆ ఆగస్టులో టర్కీకి కావాల్సింది ట్యాంకు పండితుడు కాదండీ. సరిహద్దు దాటిన యూనిట్ వెనక్కి తిరిగి అంకారా మీదకి రాదని పూచీ పడగల మనిషి.

తూర్పుగాలి:
బాబాయ్, మీరు చెప్పింది ఆయన్నే ఎందుకు పెట్టారన్నదానికి జవాబు. ఆయన సరిపోయాడా లేదా అన్నది కందకం గారి ప్రశ్న. రెండూ కలిపేయకండి.

అసలు ఈ ప్రత్యేక యుద్ధ విభాగం ఎందుకు పుట్టిందో చూస్తే కొంత తేలుతుంది. 1952లో, టర్కీ నాటోలో చేరిన ఏడాదే, ‘సమీకరణ పరిశీలక మండలి’ అనే అమాయకమైన పేరుతో మొదలైంది. స్థాపకుడు దానిష్ కారాబెలెన్. అమెరికాలో శిక్షణ పొందాడు, కొరియాలో పోరాడాడు. సోవియట్ సైన్యం దేశాన్ని ఆక్రమిస్తే వెనక ఉండిపోయి, ఊళ్లలో మనుషుల్ని కూడగట్టి, దాచిన ఆయుధాలు పంచి గెరిల్లా యుద్ధం నడపాలన్నది పని. 1958లో సైప్రస్‌లో ‘టర్కీ ప్రతిఘటన సంస్థ’ని కట్టింది ఈ అధికారులే. తర్వాత దీని పేరు ప్రత్యేక యుద్ధ విభాగం అయింది. 1974లో అమెరికా డబ్బు ఆగిపోయి, సైన్యం ప్రధానమంత్రి నిధిలోంచి సొమ్ము అడిగితే గానీ ఇలాంటిదొకటి ఉందని ప్రధాని ఎజెవిత్‌కే తెలియలేదు. ఆ మాట ఆయనే చెప్పాడు. 1992లో ప్రత్యేక దళాల కమాండ్‌గా మారింది. ఇప్పటికీ అది ల్యాండ్ ఫోర్సెస్ కింద ఉండదు, నేరుగా జనరల్ స్టాఫ్ కింద ఉంటుంది.

ఆ వరసలో ఇంకో పేరున్న జనరల్ ఎంగిన్ అలాన్. 1998లో ఉత్తర ఇరాక్ నుంచి కుర్దు తిరుగుబాటు సంస్థ పీకేకే కమాండర్ షెమ్‌దిన్ సాకిక్‌ని పట్టుకొచ్చినప్పుడు, 1999 ఫిబ్రవరిలో నైరోబీ నుంచి ఆ సంస్థ నాయకుడు ఓజలాన్‌ని తెచ్చినప్పుడు కమాండర్ ఆయనే. ఒక విమానం, గుప్పెడు మనుషులు, వారాల తరబడి నిఘా. ఆ కుర్చీకి కీర్తి తెచ్చిన పనుల్లో ట్యాంకు ఇంజను చప్పుడు ఎక్కడా వినపడదు. ఆ కుర్చీ నుంచి లేచి ముట్టడికి వెళ్లిన మనిషికి ఏం తెలిసుంటుందన్నది న్యాయమైన ప్రశ్నే.

ఆర్మర్ అప్పారావు:
అందరూ జనరల్ టోపీ రంగు చూస్తున్నారు. నేను ట్యాంకు పొట్ట చూపిస్తా.

లెపర్డ్ 2ఏ4లో 42 గుళ్లు పడతాయి. అందులో 15 టరెట్ వెనక అరలో ఉంటాయి. మధ్యలో తలుపు, పైన ఊడిపోయే పలకలు. అక్కడ మంట అంటుకుంటే పేలుడు పైకి పోతుంది, లోపల మనుషులు బతుకుతారు. మిగతా 27 ముందు భాగంలో, డ్రైవర్‌కి ఎడమ పక్కన పేర్చి ఉంటాయి. వాటికి అలాంటి రక్షణేమీ లేదు. పక్క నుంచి ఒక యాంటీ ట్యాంక్ మిస్సైల్ దూరి ఆ 27కి తగిలితే టరెట్ లేచిపోతుంది. అల్-బాబ్ ఫోటోల్లో టరెట్ ఒకచోట, బాడీ ఒకచోట పడున్నాయంటే అర్థం అదే.

ఈ ట్యాంకు ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో జర్మన్ మైదానాల కోసం తయారైంది. ముఖం గట్టి, పక్కలు పల్చన. శత్రువు ఎదురుగానే ఉంటాడన్న లెక్క. అల్-బాబ్ పడమట అకీల్ గుట్ట మీదా, కింద ఆసుపత్రి దగ్గరా శత్రువు మూడు వైపులా ఉన్నాడు. ఐసిస్ దగ్గర కాంకుర్స్ లాంటి మిస్సైళ్లున్నాయి, రేంజ్ 4 కి.మీ. వేగం సెకనుకి సుమారు 200 మీటర్లు వేసుకున్నా 3 కి.మీ. నుంచి వచ్చేది తగలడానికి 15 సెకన్లు పడుతుంది. చూసే కన్నుంటే 15 సెకన్లు చాలా ఎక్కువ. పొగ వదిలి, రివర్స్ వేసి గట్టు వెనక్కి దిగిపోవచ్చు. వీడియోల్లో కనిపించింది వేరే. గట్టు మీద ఆకాశానికి ఎదురుగా నిలబెట్టిన ట్యాంకు, చుట్టూ పదాతి మనిషి లేడు, ఇంజను చల్లగా ఉంది.

చేయాల్సింది కొత్తదేం కాదు. గట్టుకి అవతల వాలులో దాక్కోవాలి, గన్ను మాత్రమే కనిపించేలా పైకి రావాలి, రెండు మూడు గుళ్లు వేసి దిగాలి. మళ్లీ అదే చోట పైకి రాకూడదు, కనీసం వంద మీటర్లు పక్కకి జరగాలి. పక్కలకి పదాతి జట్లు ఉండాలి. పైన డ్రోన్ ఉండాలి, అది చూసింది ట్యాంకు కమాండర్ చెవికి నేరుగా చేరాలి. ఇవన్నీ ట్రూప్ లీడర్, కంపెనీ కమాండర్ స్థాయి పనులు. లెఫ్టినెంట్ జనరల్ వచ్చి ‘రివర్స్ వెయ్యి’ అని చెప్పడు. తప్పు కింద ఉంది, మీరు పైన వెతుకుతున్నారు.

కందకం:
అప్పారావు గారూ, మీ పోస్టే నాకు సాక్ష్యం. లెపర్డ్‌లని పశ్చిమ టర్కీ యూనిట్ల నుంచి తెచ్చి డిసెంబర్‌లో అల్-బాబ్ ముందు పెట్టారు. అప్పటిదాకా పని చేసింది పాత అమెరికన్ రకం ఎం60 ట్యాంకులు. కొత్తగా వచ్చిన సిబ్బందికి ఆ నేల తెలీదు, పక్కనున్న సిరియన్ జట్ల భాష రాదు. పక్కలకి పదాతిని ఎవరు ఇవ్వాలి? ఆ ఏర్పాటు చేయాల్సింది పై కమాండే కదా. ట్యాంకు కంపెనీకి తోడుగా తన సొంత మెకనైజ్డ్ పదాతిని పంపాలని ఆర్మర్డ్ అధికారి మొదటి రోజే పట్టుబడతాడు. ప్రత్యేక దళాల అధికారి ‘స్థానికులు ఉన్నారుగా’ అనుకుంటాడు.

స్థానికులు ఎలా పోరాడతారో చూద్దాం. అల్-రాయ్ ఊరిని 2016 ఏప్రిల్ 7న ఫ్రీ సిరియన్ ఆర్మీ (టర్కీ వెనక ఉన్న సిరియా తిరుగుబాటుదారులు) జట్లు పట్టుకున్నాయి. ఏప్రిల్ 11న పోగొట్టుకున్నాయి. నాలుగు రోజులు! కారణం ధైర్యం లేక కాదు. టయోటా పికప్‌లు, వాటి మీద 14.5, 23 మి.మీ. గన్నులు ఉన్న జట్టు ఊళ్లోకి దూసుకుపోగలదు. పట్టుకున్న చోట రాత్రికి కందకాలు తవ్వి, మందుపాతరలు పాతి, గస్తీ వేసి కూర్చోవడం దాని అలవాటు కాదు. పైగా సుల్తాన్ మురాద్, హంజా, ఫైలక్ అల్-షామ్, ఇంకా ఎన్నో జట్లు. ఎవరి రేడియో వారిది, ఎవరి కమాండర్ వారికి. పక్క జట్టు వెనక్కి తగ్గిందని ఇవతలి జట్టుకి తెలిసేసరికి పక్క ఖాళీ అయిపోయి ఉంటుంది. ట్యాంకు పక్కలో ఆ ఖాళీయే కాంకుర్స్‌కి దారి.

బెరెట్ బాబాయ్:
ఓహో, అయితే అదే స్థానికులతో జరాబ్లుస్, దాబిక్ గెలిచినప్పుడు ఎవరి గొప్ప? సరిహద్దు అంతా తుడిచేసింది ఎవరు? ఓడితే అక్సకల్లి, గెలిస్తే ఐసిస్ పారిపోయింది. లెక్క బాగుంది.

మ్యాపుల పిచ్చి:
ఐసిస్ నిజంగానే పారిపోయింది బాబాయ్. జరాబ్లుస్‌లో వాళ్లు నిలబడలేదు, అది అందరూ రాసిందే. దాబిక్‌లో కూడా పెద్దగా పోరు లేదు. బలాన్ని అల్-బాబ్‌కి చేర్చుకున్నారు, ఎందుకంటే అలెప్పో తూర్పున వాళ్లకి మిగిలిన పెద్ద ఊరు అదొక్కటే. కనుక గెలుపుని బట్టి జనరల్ గొప్ప, ఆలస్యాన్ని బట్టి జనరల్ చేతకానితనం, రెండూ తేల్చలేం. ఎదుటివాడు మారాడు.

నేను మ్యాపు చూసి మాట్లాడతా. అల్-బాబ్ టర్కీ సరిహద్దుకి సుమారు 30 కి.మీ. లోపల ఉంది. టర్కీ వచ్చింది ఉత్తరం, పడమర నుంచి. ఊరికి దక్షిణాన తాదెఫ్, అక్కడి నుంచి రక్కా వైపు రోడ్డు. ఆ రోడ్డు 2017 ఫిబ్రవరి 6 దాకా తెరిచే ఉంది. అంటే ఐసిస్‌కి మనుషులు, గుళ్లు, పేలుడు పదార్థం రోజూ వస్తూనే ఉన్నాయి. వెనక ద్వారం తెరిచున్న ఊరిని ముందు ద్వారం దగ్గర కొట్టడాన్ని ముట్టడి అనరు. ఆ రోడ్డు మూసింది ఎవరు? దక్షిణం నుంచి వచ్చిన సిరియా ప్రభుత్వ సైన్యం. మూసిన 17 రోజులకి ఊరు పడింది.

మరి టర్కీ తనే దక్షిణానికి చుట్టి ఎందుకు రాలేదు? రాజకీయం. అక్కడ డమాస్కస్ (సిరియా ప్రభుత్వం) బలగాలున్నాయి, వాటి వెనక రష్యా ఉంది. నవంబర్ 24న వైమానిక దాడిలో ముగ్గురు టర్కీ సైనికులు పోయారు, చేసింది డమాస్కస్ అని అంకారా అంది. అక్టోబర్‌లో కుర్దుల మీద టర్కీ విమానాలు దాడి చేశాక, మళ్లీ వస్తే కూల్చేస్తామని డమాస్కస్ హెచ్చరించింది. అమెరికా డిసెంబర్ దాకా అల్-బాబ్‌కి విమాన సాయం చేయలేదు. జనవరి 18న రష్యా, టర్కీ విమానాలు కలిసి దాడి చేశాయి. అవును, నాటో దేశం రష్యాతో కలిసి! ఫిబ్రవరి 9న అదే రష్యా విమానం పొరపాటున ముగ్గురు టర్కీ సైనికుల్ని చంపింది. ఆ బరిలో ఏ జనరల్‌ని దించినా కాళ్లూ చేతులూ కట్టేసినట్టే.

ఆర్మర్ అప్పారావు:
మ్యాపుల పిచ్చి చెప్పిన దక్షిణ రోడ్డు ముక్క కీలకం. ఆ రోడ్డు తెరిచుంటే ఏం వస్తుందో కూడా చెప్పాలి: బాంబు లారీలు. డిసెంబర్ 21 నష్టంలో వాటి పాత్ర ఉంది.

ముందంతా ఇనుప పలకలు బిగించిన వాహనం, లోపల ఒకే మనిషి. 23 మి.మీ. గుళ్లు పలక మీద తగిలి జారిపోతాయి. భుజం మీద పెట్టి కాల్చే ఆర్‌పీజీ రాకెట్ తగిలినా ఆగకపోవచ్చు. గంటకి 40 కి.మీ. వేగంతో 500 మీటర్ల దూరం 45 సెకన్లలో దాటేస్తుంది. దాన్ని ఆపేవి మూడే: ట్యాంకు గన్ను, యాంటీ ట్యాంక్ మిస్సైల్, రోడ్డుకి అడ్డంగా తవ్విన కందకం. మొదటి రెండిటికీ ఎవరో ఒకరు నిద్రపోకుండా ఆ రోడ్డు మీదే గురిపెట్టి కూర్చోవాలి. మూడోదానికి బుల్డోజర్ కావాలి, అదీ చోటు పట్టుకున్న మొదటి గంటలోనే. ఊరి ఇళ్ల మధ్య అయితే 500 మీటర్ల చూపు కూడా దొరకదు, మలుపు తిరిగితే 50 మీటర్లే.

అందుకే గుట్ట, ఆసుపత్రి పట్టుకోవడం కష్టం కాలేదు, పట్టుకున్నాక నిలబెట్టుకోవడం ప్రాణం తీసింది. బుల్డోజర్ వెనకబడితే ముందున్న వాళ్లకి రాత్రి గడవదు. ఈ విషయంలో కందకం గారితో సగం ఏకీభవిస్తా. ఇంజనీర్లని దాడిలో మొదటి వరసకి ఎంత దగ్గరగా పెట్టాలన్నది పై కమాండ్ నిర్ణయం.

తూర్పుగాలి:
ఆ 27 గుళ్ల సంగతి ఇంకా నలుగుతూనే ఉంది. కింది అర ఖాళీగా ఉంచి 15తోనే వెళ్లొచ్చు కదా అని చాలామంది అంటారు. సాధ్యమా అప్పారావు గారూ?

ఆర్మర్ అప్పారావు:
సాధ్యమే, ఖరీదు ఉంది. ఊరి పోరులో గోడలు పగలగొడుతూ పోతే 15 గుళ్లు గంటలోపే అయిపోతాయి. అంటే రోజుకి చాలాసార్లు వెనక్కి రావాలి. ప్రతి రాకపోకా మిస్సైల్ రేంజ్‌లో ఉన్న రోడ్డు మీదే. గుళ్లు మోసే లారీకి కవచం ఉండదు. రక్షణగా గట్టు మీద ఉండే ట్యాంకుకి మాత్రం 15 చాలు, దానికి 42 నింపడం శుద్ధ దండగ. దాడిలో ఉన్నదానికి ఒక లెక్క, కాపలాలో ఉన్నదానికి ఒక లెక్క. అల్-బాబ్‌లో పోయినవాటిలో ఎక్కువ కాపలాలో నిలబడ్డవే అనిపిస్తుంది ఫోటోలు చూస్తే.

బులుసు_బుల్లెట్:
శ్రీలంకలో మన సైన్యం చేసిన జాఫ్నా దాడి ఇదే కదా? 1987 అక్టోబర్‌లో యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్లతో కమాండోలనీ 13 సిక్ లైట్ ఇన్‌ఫాంట్రీనీ దించారు. సిక్కుల ప్లటూన్ 30 మందిలో ఒక్కడు బతికి బందీ అయ్యాడు. స్పెషల్ ఫోర్సెస్‌ని ఎక్కడపడితే అక్కడ వాడితే అంతే.

కందకం:
పోలిక కుదరదు. జాఫ్నాలో కమాండోల్ని తప్పు పనికి వాడారు. అల్-బాబ్‌లో ప్రత్యేక దళాల మనుషులు తమ పని తాము బాగానే చేశారు. ఇక్కడ ప్రశ్న వాళ్ల జనరల్ కింద ఇతరుల ట్యాంకులు పెట్టడం గురించి.

మోడరేటర్:
జాఫ్నా మీద విడిగా చర్చ ఉంది, అక్కడ రాయండి. ఇక్కడ టర్కీ.

మ్యాపుల పిచ్చి:
కందకం గారి వాదన పరీక్షించడానికి దగ్గరి నమూనా ఒకటుంది: వాయవ్య సిరియాలో కుర్దు దళాల చేతిలో ఉన్న అఫ్రిన్ మీద టర్కీ చేసిన దాడి. 2018 జనవరి 20న మొదలు, మార్చి 18న ఊరు చేతికొచ్చింది. 58 రోజులు. కమాండ్ ప్రత్యేక దళాలది కాదు, రెండో ఆర్మీ కమాండర్ ఇస్మాయిల్ మెతిన్ తెమెల్‌ది. మామూలు సైన్యపు జనరల్. మొదటి రోజే 72 విమానాలు ఎగిరాయి. చాలా వైపుల నుంచి ఒకేసారి ఒత్తారు, కొండ శిఖరాలు ఒక్కొక్కటే పట్టారు, ఊరి చుట్టూ ఉచ్చు దాదాపు బిగిసేసరికి లోపలివాళ్లు బయటికి పోయారు. ఇల్లిల్లూ పోరాడాల్సిన పనే రాలేదు.

కందకం:
అదే నేను మొదట్నుంచీ అంటున్నది. సరైన విద్య ఉన్నవాడికి ఇచ్చారు, పని జరిగింది.

మ్యాపుల పిచ్చి:
ఆగండి, నేను మీకు ఓటెయ్యలేదు. అఫ్రిన్‌లో రష్యా ఆకాశం తెరిచింది. అల్-బాబ్‌లో మూసింది. సాయుధ బైరక్తార్ టీబీ2 డ్రోన్లు 2016లో చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, అఫ్రిన్‌లో గంటల తరబడి తలమీద తిరిగాయి. మిస్సైల్ వేసే జట్టు కాల్చిన చోటే నిలబడితే డ్రోన్‌కి దొరికిపోతుంది. ఎదుటివాడూ వేరు: కుర్దు దళాలు ఊరు ఖాళీ చేశాయి, ఐసిస్ చివరిదాకా ఇళ్లలో మందుపాతరలు పాతుకుంటూ కూర్చుంది. అల్-బాబ్ పడ్డ మర్నాడు, ఫిబ్రవరి 24న, పక్కనున్న సూసియాన్‌లో కారు బాంబుతో 50 మందికి పైగా చంపింది. ఇన్ని మారాక ఫలితాన్ని జనరల్ కోర్సు సర్టిఫికెట్‌కి కట్టబెట్టలేం. అఫ్రిన్ నాడు పైవాళ్లు అల్-బాబ్ పాఠం చదివి ఉన్నారన్నది కూడా మరవకండి. ముందు వెళ్లినవాడి నెత్తురుతోనే తర్వాతివాడు నేర్చుకున్నాడు.

బెరెట్ బాబాయ్:
ఇంకొకటి కలుపుతా. అఫ్రిన్‌లో కొండ శిఖరాల పని చాలా చోట్ల చేసింది మెరూన్ బెరెట్లే, అంటే ప్రత్యేక దళాలే. ఆ మనిషిని తయారుచేయడానికి మూడున్నరేళ్లు పడుతుందని వాళ్లే చెప్పుకుంటారు. కనుక వాళ్లని ట్యాంకుల పక్కన కాపలా పదాతిగా వాడేస్తే నష్టం. ఒకడు పోతే ఆ స్థానం నిండటానికి మూడున్నరేళ్లు. అల్-బాబ్ ముందు అక్సకల్లి ఎదుర్కొన్న ఇరకాటం అదేనని నా ఉద్దేశం. నమ్మదగిన పదాతి అంటే తన సొంత మనుషులే. వాళ్లని వాడితే ఖాళీ అవుతారు, వాడకపోతే ట్యాంకు పక్కలు ఖాళీ అవుతాయి. మామూలు బ్రిగేడ్ల పదాతిలో ఎవరి ఆఫీసర్ నిన్న అరెస్టయ్యాడో, ఎవరిది రేపో తెలియని వాతావరణం. కందకం గారు చెప్పే ఆర్మర్డ్ జనరల్ వచ్చినా ఈ ఇరకాటం పోదు.

కందకం:
ఇది మంచి పాయింటు, దీనికి సమాధానం ఇస్తా. ఇరకాటం పోదు, నిజం. కానీ ఆర్మర్డ్ జనరల్ వేరే విధంగా ప్రశ్నించుకునేవాడు: పదాతి లేదు, దక్షిణ రోడ్డు మూయలేను, ఆకాశం నాది కాదు, అలాంటప్పుడు డిసెంబర్‌లో గుట్ట ఎక్కాలా? ఫిరంగులతో దూరం నుంచి కొడుతూ జనవరి దాకా ఆగితే? ప్రత్యేక దళాల సంస్కారంలో వేగమే రక్షణ. దొరికిన సందులో దూరిపో, ఎదుటివాడు తేరుకునేలోపు పని ముగించు. పదిమంది టీముకి అది ప్రాణరక్ష. 55 టన్నుల లెపర్డ్‌ల వరసకి అదే ఉరి. డిసెంబర్ 21 దాడిలో నాకు కనిపించేది ఆ తొందరే.

తూర్పుగాలి:
తొందర ఆయనదా, అంకారాదా? అల్-బాబ్ తీసుకుంటాం, తర్వాత మన్బిజ్, తర్వాత రక్కా అని ఆ నెలల్లో ఎర్దోవాన్ బహిరంగంగానే అంటూ వచ్చాడు. అధ్యక్షుడు వేదిక మీద చెప్పాక, ‘నెల ఆగుతానండీ’ అనగల జనరల్ కుట్ర జరిగిన ఐదు నెలలకి టర్కీలో ఎవరు? నాకైతే ఎవరూ కనపడటం లేదు.

అయితే అక్సకల్లి నోరు లేనివాడు కాదు, అది కూడా చెప్పాలి. 2017 మార్చిలో ప్రత్యేక దళాల కేసులో కోర్టులో సాక్ష్యం చెప్తూ, కుట్ర సమాచారం అందగానే ‘ఎవరూ బ్యారక్స్ దాటొద్దు’ అని ఆజ్ఞ ఇచ్చి ఉంటే కుట్ర ఆదిలోనే బయటపడేదన్నాడు. ఆ మధ్యాహ్నం సమాచారం అందింది ఇంటెలిజెన్స్ చీఫ్ హకాన్ ఫిదాన్‌కీ, సైన్యాధిపతి హులుసి అకార్‌కీ. పేర్లు పెట్టకపోయినా బాణం ఎటు వెళ్లిందో దేశమంతటికీ అర్థమైంది. ఆ ఆగస్టులోనే ఆయన్ని ప్రత్యేక దళాల నుంచి తీసి గెలిబోలులోని రెండో కోర్‌కి వేశారు. 2020లో రిటైర్ చేశారు.

బెరెట్ బాబాయ్:
దాన్ని అల్-బాబ్‌కి శిక్ష అని రాసినవాళ్లున్నారు, సాక్ష్యానికి శిక్ష అని రాసినవాళ్లున్నారు. కోర్ కమాండ్ కూడా లెఫ్టినెంట్ జనరల్ పోస్టే, కాగితం మీద హోదా తగ్గలేదు.

ఆర్మర్ అప్పారావు:
కాగితం మీద తగ్గలేదు గానీ ఒకటి చూడండి. కోర్ అంటే పదాతి, ట్యాంకు, ఫిరంగి బ్రిగేడ్లన్నీ కలిసిన మామూలు సైన్యం. నిజంగా అల్-బాబ్‌లో ట్యాంకులు నడపడం చేతకాలేదని తేల్చి ఉంటే, శిక్షగా అదే రకం బలగం ఆయన చేతిలో పెడతారా? కందకం గారూ, మీ వాదనకి ఇది అడ్డం. అంకారా దృష్టిలో ఆయన లోపం వృత్తి లోపం కాదు.

కందకం:
అంకారా దృష్టి నాకు కొలబద్ద కాదు అప్పారావు గారూ. రాజధానికి దూరంగా, సరిహద్దు యుద్ధానికి దూరంగా పెట్టాలనుకుంటే గెలిబోలు చాలా అనుకూలమైన ఊరు. అక్కడ ఆయన కింద ఎన్ని ట్యాంకులున్నా వాటిని సిరియాలో నడిపే పని ఆయనకి రాదు. చూశారుగా, ఐదు నెలలకి అఫ్రిన్ వస్తే పిలిచింది తెమెల్‌నే.

మ్యాపుల పిచ్చి:
తెమెల్ సరిహద్దు చూసే ఆర్మీకి కమాండర్ కాబట్టి పిలిచారు. పోస్టుతో పాటు వచ్చిన పని అది. ఒక మాట: ‘యూఫ్రటీస్ డాలు’ నాటికి కూడా రెండో ఆర్మీలో ఉన్నది అదే తెమెల్, హుదుతి అరెస్టయ్యాక వచ్చాడు. అంటే 2016 ఆగస్టులో అంకారా ముందు ఇద్దరూ ఉన్నారు. ఆపరేషన్‌కి ముఖంగా ప్రత్యేక దళాల మనిషిని ఎంచుకున్నది ట్యాంకు జనరల్ దొరక్క మాత్రమే కాదు. జరాబ్లుస్ పథకం రాసుకున్నప్పుడు అది స్థానిక జట్లతో చేసే ప్రత్యేక యుద్ధమే. సెప్టెంబర్ 4న సరిహద్దు శుభ్రమయ్యాక, అల్-బాబ్ వైపు తిరిగినప్పుడు పని స్వభావం మారింది. కమాండ్ ఏర్పాటు మాత్రం మారలేదు. కందకం గారు ‘నియామకం తప్పు’ అనే బదులు ‘సెప్టెంబర్‌లో చేతులు మార్చకపోవడం తప్పు’ అంటే నేను సంతకం పెడతా.

కందకం:
సరే, ఆ సవరణకి ఒప్పుకుంటా, సగం. చేతులు మార్చాలంటే మారుతున్న పని స్వభావాన్ని ముందుగా పసిగట్టి పైకి రాయాల్సింది రంగంలో ఉన్న కమాండరే. ఆయన రాశాడా, పైన చింపేశారా అన్నది బయటికొచ్చిన కాగితాల్లో లేదు. బాబాయ్ ఆయన్ని వెనకేసుకురావడానికి, నేను తప్పుపట్టడానికి ఇద్దరికీ ఆ కాగితమే కావాలి.

బెరెట్ బాబాయ్:
కాగితం దొరికేదాకా ఆ 14 మంది లెక్క ఒక్క మనిషి ఖాతాలో రాయకండి. నా గొడవంతా అదే.